ఫొటో వెనక చిరునామా

"శవాల మీద బతికేవాడివి, శవాల మీద బతికేదాన్ని ఫొటో తీస్తావా? నీకసలు సిగ్గుందా?"

సోవాని ఈ మాట అడిగినావిడ ఆ రోజు చనిపోయినాయన పెద్ద కూతురు. అడిగింది రెండు వందల మంది ముందు, మైకులో. చావు ఖర్చులకి ఎవరెంత ఇచ్చారో చదువుతున్న మైకు అది. చదివేవాడి చేతిలోంచి లాక్కుని మరీ అడిగింది. తప్పు ఆవిడది కాదు. తండ్రిని ఇత్తడి మంచం మీద పట్టుబట్టలతో పడుకోబెట్టి, చెల్లెళ్ళని ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టి, జేబురుమాళ్ళు పట్టుకుని సిద్ధమయ్యేసరికి, ఫొటోగ్రాఫరు వాళ్ళకి వీపు పెట్టి షామియానా గుంజ మీద వాలిన రాబందు వైపు కెమెరా ఎత్తాడు.

"అది కదలకుండా కూర్చుందమ్మా. మీరు నలుగురూ నాలుగుసార్లు కళ్ళు మూశారు" అన్నాడు సోవా.

ఆ ఇంటి నుంచి ఆయనకి మళ్ళీ పిలుపు రాలేదు. పెద్ద కుటుంబం. ఏడాదికి రెండు చావులకి తక్కువ ఉండేవి కావు.

అక్రా నగరంలో సముద్రం వైపుకి మా పేట మాంప్రోబీ ఉంది. అమార్తే సోవా అక్కడ చావుల ఫొటోగ్రాఫరు. ఈ కథ నాటికి యాభై తొమ్మిదేళ్ళు. రోడ్డు పక్కన, ఓడలో సరుకు తెచ్చి పారేసిన ఇనప డబ్బాలో దుకాణం. ముందు భాగంలో ఆయన ఫొటోలు, పక్కన పొయ్యి మీద భార్య కోర్కోయ్ కెంకే ముద్దలు. మొక్కజొన్న ఆకుల్లో చుట్టిన ఆ పులిసిన ముద్దల ఆవిరి ముప్పై ఏళ్ళుగా ఫొటోల అంచుల్ని వంకర చేస్తూనే ఉంది.

శనివారం వస్తే ఆయనకి ఒళ్ళు తెలిసేది కాదు. పొద్దున శవం దగ్గర, తర్వాత చర్చిలో, తర్వాత శ్మశానంలో. జనం శ్మశానం నుంచి ఇంటికి తిరిగొచ్చేలోగా మోటారు సైకిలు మీద ల్యాబుకి పోయి రెండొందల ఫొటోలు అచ్చేయించుకుని, విందు వడ్డించే వేళకి గేటు దగ్గర ప్లాస్టిక్ చాప మీద పరిచేవాడు. అప్పటిదాకా గుండెలు బాదుకున్నవాళ్ళు చాప చుట్టూ వంగి తమ మొహాలు వెతుక్కునేవాళ్ళు.

"ఇందులో లావుగా పడ్డానే!"

"లావు నేను కలపలేదు తల్లీ. మూడు సెడీలు."

అమ్ముడుపోని మొహాలు మిగిలేవి. సోవా బతుకు నిజానికి వాటి మీదే నడిచింది. ఇవాళ మూడు సెడీలకి వద్దన్న ఫొటో, రేపు ఆ మనిషి పోయాక ఇంటివాళ్ళకి కావాలి. గోడల మీద అంటించే చావు పోస్టర్లో వెయ్యడానికి నవ్వుతున్న మొహం ఒకటి కావాలి, చాలా ఇళ్ళలో అలాంటిది ఉండదు. అప్పుడు సోవా దగ్గరికి పరుగెత్తుకొస్తారు. అందుకే ప్రతి ఫొటో వెనకా ఆయన పెన్సిలుతో రాసేవాడు: ఎవరి చావు, ఏ తేదీ, ఎవరి ఇల్లు, ఆ ఇంటికి ఏ సందులోంచి పోవాలి. పని నేర్పిన గురువు పెట్టిన నియమం అది. వెనక రాయని ఫొటో అనాథ శవంతో సమానమని ఆ గురువు అనేవాడట. రాశాక సోవా దుకాణం ముందు తాడు కట్టి, బట్టల క్లిప్పులతో నలభై రోజులు వేలాడదీసేవాడు. దారినపోయేవాళ్ళు ఆగి, ఫొటో తిప్పి వెనక చదివి, మళ్ళీ తిప్పి పోయేవాళ్ళు. మా పేటలో ముందు ఫొటో చూసేవాళ్ళకంటే వెనక చదివేవాళ్ళే ఎక్కువ.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. శవంతో ఎవరి ఫొటో వాళ్ళే తీసుకోవడం మొదలైంది. చాప మీద రెండొందల ఫొటోలు ఎనభై అయ్యాయి, ఎనభై ముప్పై అయ్యాయి. ఆ రోజుల్లోనే సెలాసి వచ్చింది.

సెలాసి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఊళ్ళో రాబందులు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం ఆమె పని. ఎక్కడ తిరుగుతాయి, ఎక్కడ గూడు కడతాయి, పిల్లలు బతుకుతున్నాయా లేదా, అన్నిటికీ తేదీతో, చోటుతో ఫొటో సాక్ష్యం కావాలి. ఆమె మొదట వెళ్ళింది పక్షి ప్రేమికుల సంఘానికి. వాళ్ళు ఆమెకి టీ షర్టు ఇచ్చారు. తర్వాత కబేళాకి వెళ్తే అక్కడి కసాయివాళ్ళు సోవా పేరు చెప్పారు. చావింట్లో వంటకి ఎద్దుని కోసే చోటా, చావింట్లోనూ, రెండుచోట్లా కనబడే మనిషి ఆయనొక్కడే. రాబందులూ ఆ రెండుచోట్లే కనబడతాయి.

"ఫొటోకి పది సెడీలిస్తాను మాస్టర్. కానీ ప్రతి ఫొటోకీ తేదీ, చోటు ఉండాలి."

"అవి లేకుండా నేను ఫొటో తియ్యను డాక్టరమ్మా."

"నేనింకా డాక్టర్ని కాలేదు."

"నేనూ మాస్టర్ని కాను. జనం అంటున్నారు, ఊరుకున్నాను."

ప్రకృతి మీద ప్రేమతో సోవా ఈ పనిలోకి దిగాడని తర్వాత కొందరు అన్నారు, ఒక పత్రిక రాసింది కూడా. ఆయన దిగింది పది సెడీల కోసం. నిలబడింది వేరే సంగతి. ముప్పై ఏళ్ళ పాటు, నన్ను కొంచెం తెల్లగా చెయ్యి, ముసలిదానిలా పడ్డాను మళ్ళీ తియ్యి, అని సణిగే మొహాల్ని తీసినవాడికి ఏమీ అడగని మొహం దొరికింది. బోడి తల, గులాబీ రంగు బుగ్గలు, మెడ వెనక బూడిద రంగు నూగు. కోపమొస్తే ఆ బుగ్గలు ఎర్రబడతాయి. రెండు నెలల్లో సోవా ఏది ఏదో మొహం చూసి చెప్పగలిగాడు. చావింట్లో మేనకోడళ్ళని పోల్చుకోవడం కంటే తేలికేనన్నాడు.

అందులో ఒకదానికి చైర్మన్ అని పేరు పెట్టాడు. మా చావు సభలకి ఎవరో ఒకరు చైర్మన్ ఉండాలి; ఆలస్యంగా వచ్చి, ఎత్తయిన కుర్చీలో కూర్చుని, ఏ పనీ చెయ్యకుండా అందరికంటే ముందు తింటాడు. ఆ పక్షి తీరూ అంతే. షామియానా గుంజ మీద వాలి సోవాకి తిట్లు తెచ్చిపెట్టింది అదే.

ఆ ఏడు సెలాసి లెక్కలో ఊరు మొత్తానికి తొమ్మిది గూళ్ళు. రాబందు ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. జనవరి వచ్చేసరికి నాలుగు చెట్లు కొట్టేశారు, రెండు గుడ్లు కాకులు తిన్నాయి, రెండు గూళ్ళు పక్షులే వదిలేశాయి. మిగిలింది పాత రైలు క్వార్టర్ల వెనక బూరుగు చెట్టు మీద చైర్మన్ దంపతుల గూడు. అందులో పిల్ల ఉంది.

"మాస్టర్, ఇదొక్కటి ఎగిరితే చాలు. గూడు వదిలి ఎగిరే ఫొటో మీరు తీస్తే నా నివేదిక అట్ట మీద వేస్తాను. కింద మీ పేరు ఉంటుంది" అంది సెలాసి.

చావు పోస్టర్లో చనిపోయినవాడి పేరుంటుంది, పిల్లల పేర్లు, అల్లుళ్ళ పేర్లు, లండన్‌లో ఉన్న మేనల్లుడి పేరు, పాస్టరు పేరు, చివరికి అచ్చేసిన ప్రెస్సు ఫోన్ నంబరూ ఉంటుంది. ఫొటో తీసినవాడి పేరుండదు. ముప్పై ఏళ్ళలో సోవా పేరు అచ్చులో పడింది లేదు.

"సోవా అని చివర దీర్ఘం ఉంటుంది. మరిచిపోకు" అన్నాడు.

"మరో మాట. గూడు ఎక్కడుందో ఎవరికీ చెప్పొద్దు మాస్టర్. తలల కోసం చంపేవాళ్ళున్నారు."

"ఎవరికి చెప్తాను? రాబందు ఇల్లెక్కడని అడిగేవాడెవడు?"

ఆయన ఎవరికీ చెప్పలేదు. అది నిజం. మంగళవారం మా పేటలో పడవలు సముద్రం మీదికి పోవు, అది ఆచారం. కెంకేతో తినే చేప రాదు కాబట్టి పొయ్యి దగ్గరా సందడి ఉండదు. సోవా ప్రతి మంగళవారం బూరుగు చెట్టు కిందికి పోయి, సెలాసి ఇచ్చిన పొడుగు లెన్సుతో గూటిని తీసేవాడు. సెలాసికి ఒక ప్రతి. రెండో ప్రతి దుకాణం ముందు తాడు మీద, చనిపోయినవాళ్ళ బంధువుల పక్కన. ప్రతి దాని వెనకా పెన్సిలు రాత: చైర్మన్ గూడు, పాత రైలు క్వార్టర్ల వెనక, చేతి పంపు దాటాక బూరుగు చెట్టు, పడమటి కొమ్మ, పిల్ల ఉంది. తేదీ.

రాయడం కూడా చెప్పడమేనని ఆయనకి తోచలేదు. తాడు మీద వేలాడే ఫొటోకి వెనక రాత ఉండాలి, అంతే. మనం రోజూ వేసుకునే చొక్కాకి ఎన్ని బొత్తాలున్నాయో మనకి తెలుసా?

తలలు కొనేవాళ్ళ సంగతి మా పేటలో అందరికీ తెలుసు. రాబందు ఎంత దూరంలో చావున్నా ముందే పసిగడుతుంది కాబట్టి దాని తల దగ్గరుంటే రాబోయేది తెలుస్తుందని నమ్మకం. లాటరీ ఆడేవాళ్ళు, వీసా కోసం తిరిగేవాళ్ళు కొంటారు. కబేళా దగ్గర పక్షులు గుంపులుగా ఉన్నా అక్కడ మందు పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు. మాంసం పక్కన విషం కనబడితే కసాయివాళ్ళు మనిషిని బతకనివ్వరు. కావలసింది మనుషులు లేని చోటు, పక్షి తప్పకుండా తిరిగొచ్చే చోటు.

ఒకాయ్ ఫిబ్రవరిలో వచ్చాడు. మా పేటవాడే, బజారులో వేర్లూ బెరళ్ళూ అమ్మే కొట్టుంది. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. తాడు దగ్గర నిలబడి ఒక్కో ఫొటో తిప్పి చదివాడు. అందరూ చేసే పనే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"మాస్టర్, ఈ రాబందు ఫొటోలు పెద్దవి చేసి ఇస్తారా? మూడు కావాలి."

"దేనికి?"

"గోడకి. మా పెద్దాయనకి ఇష్టం."

సోవా ఉబ్బిపోయాడు. డబ్బిచ్చి పక్షి ఫొటో కొంటానన్న మొదటి మనిషి. ఒక్కోటి నలభై సెడీలు, మొత్తం నూట ఇరవై అన్నాడు. ఒకాయ్ బేరమాడకుండా అరవై చేతిలో పెట్టాడు.

"పిల్ల ఎప్పుడు ఎగురుతుంది?"

"ఇంకో మూడు వారాలు. అమ్మా నాన్నా రోజూ పొద్దున్నా సాయంత్రం వస్తాయి మేతకి. చూడముచ్చటగా ఉంటుంది."

ఒకాయ్ వెళ్ళాక కోర్కోయ్ కెంకే ముద్దకి ఆకు చుడుతూ అంది:

"మనిషి మొహాలే కొనేవాడు లేడు, రాబందు మొహం కొనేవాడొచ్చాడా? ఏమయ్యా, వాడు ముందువైపు చూడనే లేదు."

"వెనక చదివాడు. చదువుకున్నవాడు."

"బేరమాడలేదు. మా వీధిలో బేరమాడనివాడు దొంగైనా అయ్యుండాలి, పాస్టరైనా అయ్యుండాలి."

"నీ నోట మంచిమాట రాదే!"

గురువారానికి మూడు పెద్ద ఫొటోలు సిద్ధమయ్యాయి. పెద్ద ఫొటో వెనక చోటు ఎక్కువ. సోవా తీరిగ్గా, పెద్ద అక్షరాలతో రాశాడు. పంపు దగ్గర ఎడమకి తిరగాలి, అని కూడా చేర్చాడు. ఒకాయ్ వచ్చి తీసుకుని, మిగతా అరవై శనివారం ఇస్తానన్నాడు. తెలిసిన మనిషే కదా అని సోవా సరేనన్నాడు.

మరుసటి మంగళవారం సోవా వెళ్ళేసరికి చెట్టు కింద ముందు కుక్క కనబడింది. కాళ్ళు బిగుసుకుపోయి ఉంది. దాని పక్కన మేక పేగులు. ఇంకాస్త అవతల రెండు గోధుమ రంగు మూటలు. రెక్కలు, గోళ్ళు అన్నీ ఉన్నాయి. తలలు లేవు. చీమలు పట్టడం చూస్తే మూడు నాలుగు రోజులైనట్టుంది. ఎడమ రెక్కలో ఈక విరిగిన గుర్తుని బట్టి ఒకటి చైర్మన్ అని ఆయన పోల్చుకున్నాడు.

పైన గూట్లో పిల్ల బతికే ఉంది. సన్నగా ఈల వేసినట్టు అరుస్తోంది. తల్లి వస్తున్నప్పుడు అరిచే అరుపు అది.

కబురందుకుని సెలాసి సాయంత్రానికి వచ్చింది. చెట్టు చూసి, నేరుగా దుకాణానికొచ్చి నిలబడింది.

"ఎవరికి తెలుసు మాస్టర్? మీకు, నాకు. ఇంకెవరికి?"

"ఎవరికీ తెలీదు. నా బిడ్డల మీద ఒట్టు."

ఆమె తాడు పట్టుకుని నిలబడింది. ఏదో ఆలోచిస్తూ, దారినపోయేవాళ్ళు తిప్పినట్టే, చేతికందిన ఫొటో ఒకటి తిప్పింది. చదివింది. పక్కది తిప్పింది. దాన్నీ చదివి, క్లిప్పు మళ్ళీ జాగ్రత్తగా పెట్టింది.

"ఇవి ఎన్నాళ్ళుగా ఉన్నాయిక్కడ?"

"ఇంకా నలభై రోజులు కాలేదు" అన్నాడు సోవా. అన్నాక గాని ఆ మాట ఆయన చెవినపడలేదు.

ఏడవడానికి, తిట్టుకోవడానికి టైము లేదు. పిల్ల ఆకలితో ఉంది. గూడు చాలా ఎత్తున ఉంది, బూరుగు మాను నిండా ముళ్ళు. కల్లు గీసే మనిషి వచ్చి, మాను చూసి ఒప్పుకుని, గూడు రాబందుదని తెలిశాక వెనక్కి తగ్గాడు. ఎంతిస్తానన్నా ఎక్కనన్నాడు, ఇంట్లో గర్భిణి ఉందన్నాడు. అగ్నిమాపక దళానికి ఫోన్ చేస్తే మనిషి ఇరుక్కున్నాడా అని అడిగారు. కాదంటే నవ్వారు. టీ షర్టు ఇచ్చిన సంఘం ఉత్తరం రాయమంది, సోమవారం సమావేశంలో పెడతామంది. రాబందులు మన ఊరి పారిశుద్ధ్య కార్మికులని మాత్రం ఆ సంఘంవాళ్ళు చెప్పారు.

బుధవారమంతా సోవా చెట్టు కిందే ఉన్నాడు. కబేళా నుంచి కార్జం తెచ్చి, పొడుగు వెదురుకి కట్టి ఎత్తి చూశాడు. సగం చెట్టుక్కూడా అందలేదు. పిల్ల అంచుకొచ్చి కిందికి చూసింది, అరిచింది. సాయంత్రానికి అరవడం తగ్గింది.

గురువారం మధ్యాహ్నం సెలాసి సెల్ ఫోన్ టవర్లు ఎక్కే మనిషిని తాళ్ళతో సహా వెంటబెట్టుకొచ్చింది. అతను అరగంటలో పైకి చేరాడు. గూట్లోకి చూసి, కిందికి ఏమీ చెప్పకుండా, నడుముకి కట్టుకున్న బియ్యం సంచి విప్పాడు. అప్పుడే వీళ్ళకి అర్థమైంది. బతికున్నదాన్ని తేవాలంటే బుట్ట అడిగేవాడు.

సంచి తెరిచాక సోవా చేతులు అలవాటైన పని చేశాయి. మెడ సరిచేశాడు. రెక్కలు దగ్గరికి మడిచాడు. మొహం మీద దుమ్ము జేబురుమాలుతో తుడిచాడు. వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసుకుని, మోకాళ్ళ మీద వంగి ఒక్క ఫొటో తీశాడు.

శుక్రవారం ఆయన కోర్కోయ్‌ని తోడు తీసుకుని ఒకాయ్ కొట్టుకి పోయాడు. ఎండిన ఊసరవెల్లులు, గవ్వల దండలు, బెరడు కట్టల మధ్య ఒకాయ్ ఎప్పటిలా ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు.

"రండి మాస్టర్. అమ్మా, మీరూ కూర్చోండి."

"తలలేవి?"

"అమ్ముడుపోయాయి."

"పిల్ల చచ్చిపోయింది" అన్నాడు సోవా.

"పిల్ల జోలికి నేను పోలేదు. పిల్ల తల ఎవరికీ అక్కర్లేదు." ఒకాయ్ గొంతులో వెటకారం లేదు. "మాస్టర్, నేను గోడ దూకానా? మీ పెట్టె పగలగొట్టానా? పంపు దగ్గర ఎడమకి తిరగమని మీరు రాశారు, తిరిగాను. ఇంత శుభ్రమైన చేతిరాత ఈ పేటలో ఇంకెవరికీ లేదు. నిజం చెప్తున్నాను."

సోవా అక్కణ్ణించి నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. ఫొటోల వెనక రాత ఎవరిదని అడిగారు. నాదేనన్నాడు. అయితే వాంగ్మూలం కూడా అక్కడే ఉందిగా తాతా, అని ఫిర్యాదు కాగితం మడిచి ఇచ్చేశారు.

ఆయన చావుల ఫొటోలు మానలేదు. మానితే తిండెక్కడిది? శనివారాలు చాప పరుస్తూనే ఉన్నాడు, మిగిలినవి తాడు మీద వేలాడుతూనే ఉన్నాయి. మనుషుల ఫొటోల వెనక ఇప్పటికీ సందుతో సహా రాస్తాడు. పిల్ల ఫొటో వెనక మాత్రం తేదీ ఒక్కటే రాసి సెలాసికి ఇచ్చాడు. చోటు రాయమని ఆమె అడిగింది. చెట్టు మీద ఇప్పుడేమీ లేదు కదా, రాస్తే నష్టమేమిటంది. ఆయన పెన్సిలు తీసుకుని, మళ్ళీ కింద పెట్టేశాడు. చోటు లేని ఫొటోని నివేదికలో సాక్ష్యంగా వేసుకోరట. నివేదిక రెండేళ్ళకి అచ్చయింది. అట్ట మీద ఊరి పటం ఉంది. లోపల ఆ ఏడాది వరసలో గూళ్ళు తొమ్మిది, ఎగిరిన పిల్లలు సున్న అని ఉంది. సోవా పేరు ఎక్కడా లేదు.

తాడు మీద పక్షులుండే చోట ఇప్పుడు కోర్కోయ్ మిరపకాయలు ఆరబెడుతుంది. నెలకోసారి, చేప కొనడానికి బజారుకి పోయినప్పుడు, ఒకాయ్ కొట్టు ముందు ఆగుతుంది. సోవా వద్దంటాడు. ఆ డబ్బు ముట్టుకోనంటాడు.

"నువ్వు ముట్టుకోకు. కాగితం ఖర్చు మనది, రంగు ఖర్చు మనది. దొంగకి ఊరికే ఇవ్వాలా?" అంటుంది ఆవిడ.

ఒకాయ్ ప్రతిసారీ లేచి నిలబడి, మర్యాదగా, శనివారం అంటాడు. మూడు పెద్ద ఫొటోల తాలూకు అరవై సెడీలు ఇంకా రావాలి.